నడిపించే యంత్రానికి సైగ ఎవరివ్వాలి? కాళ్లకు కట్టుకునే రోబోల్లో ఏ కంట్రోల్ పద్ధతి ఎవరికి సరిపోతుంది

మా బాబాయిది గూడూరు. పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పట్టు తప్పాక, మా నెల్లూరు వైపు చాలామంది చేసినట్టే మేమూ ఆయన్ని రైలెక్కించి చెన్నై తీసుకొచ్చాం. నేను ఇక్కడ తరమణిలో ఉంటాను. కాళ్లకు కట్టుకునే రోబోల మీదే నా ఉద్యోగం. అందుకే ఇంట్లో అందరికీ ఒక ధైర్యం, అమ్మాయి చూసుకుంటుందిలే అని.

ఒక ఫిజియోథెరపీ సెంటర్లో ఆయనకు తుంటి దగ్గర, మోకాలి దగ్గర మోటార్లున్న ఎక్సోస్కెలిటన్ కట్టారు. రెండడుగులు బాగానే పడ్డాయి. మూడో అడుగుకి కాలు లేవలేదు. బాబాయి తుంటి పైకి లాగి ఎత్తబోయాడు, యంత్రం బిగుసుకుని నిలబడిపోయింది. సరే ఆగుదామని బరువంతా మళ్లీ ఆ కాలి మీద వేశాడు. సరిగ్గా అప్పుడు అది మోకాలు మడిచింది. నడుముకున్న బెల్టు థెరపిస్టు గట్టిగా పట్టుకుని ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

"ఏందమ్మా ఇది, ఎత్తాలనుకున్నప్పుడు కదల్దు, ఆగుదామంటే లాగతా ఉంది" అన్నాడు బాబాయి.

మోటారులో లోపమేమీ లేదు. మడమ కింద ఉన్న స్విచ్ నొక్కుకుంటేనే కాలు నేలకు తాకిందని ఆ యంత్రం లెక్కేసుకుంటుంది. పక్షవాతం వచ్చిన కాలికి పాదం కిందికి వేలాడుతుంది. మడమ కంటే ముందు వేళ్లు తాకుతాయి, ఒక్కోసారి మడమ తాకనే తాకదు. స్విచ్ నొక్కుకోలేదు. యంత్రం కాసేపు చూసి, లోపలున్న టైమర్ ప్రకారం తనంతట తానే అడుగు మొదలుపెట్టింది.

ఈ యంత్రాల గురించి నన్ను అడిగేవాళ్లు మోటార్ పవర్ ఎంత, బ్యాటరీ ఎంతసేపొస్తుంది, ఏఐ ఉందా అని అడుగుతారు. అవన్నీ తర్వాత. ఎప్పుడు కదలాలో యంత్రానికి ఎవరు చెబుతున్నారు, ఆ సైగ తప్పితే ఏం చేస్తుంది? కొనే ఆస్పత్రి అయినా, తయారుచేసే స్టూడెంట్ అయినా, మనిషిని తీసుకెళ్లే కుటుంబమైనా ముందు అడగాల్సింది ఇదే.

ఎప్పుడు, ఎంత గట్టిగా

కంట్రోల్ అని ఒక్క మాటగా అంటాం గానీ అందులో రెండు విషయాలున్నాయి. యంత్రం ఎప్పుడు కదలాలన్నది ఒకటి. కదిలేటప్పుడు కాలిని ఎంత గట్టిగా పట్టుకోవాలన్నది రెండోది. ఈ రెండూ కలిపేసి చూడటం వల్లే చాలా తప్పు ఎంపికలు జరుగుతాయి. గట్టిపట్టు యంత్రాన్ని మంచి సైగతో నడపొచ్చు, మెత్తటి పట్టు యంత్రాన్ని చెడ్డ సైగతో పాడుచేయొచ్చు. పట్టు సంగతి ముందు చెప్పేస్తాను, అది కాస్త తేలిక.

అన్నిటికంటే పాతది, అర్థం చేసుకోవడానికి సులువైనది గీసిన దారి పద్ధతి. ఆరోగ్యంగా ఉన్న మనిషి నడిచేటప్పుడు తుంటి, మోకాలు ఏ క్షణంలో ఎన్ని డిగ్రీలు మడుస్తాయో ముందే రికార్డు చేసి పెట్టుకుంటారు. యంత్రం ఆ గీత మీదే కాలిని తీసుకెళ్తుంది. ఇంజనీర్లు దీన్ని పొజిషన్ కంట్రోల్ అంటారు. ఆన్‌లో ఉన్నప్పుడు దాని పిక్క దగ్గరి రాడ్‌ని చేత్తో తోసి చూడండి. గోడని తోసినట్టుంటుంది.

వెన్నుపాము పూర్తిగా దెబ్బతిని కాళ్లలో ఏ కదలికా లేనివాళ్లకు ఇదే సరైనది. వాళ్ల కాలు నుంచి వినడానికి ఏమీ లేదు కాబట్టి యంత్రమే మొత్తం చేయాలి. ఇజ్రాయెల్‌లో పుట్టిన రీవాక్ అనే యంత్రానికి 2014లో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అది ఈ బాటలోదే. ఊతకర్రల మీద ఆనుకుని ఒంటిని కొద్దిగా ముందుకు వంచితే నడుము పైన ఉన్న వంపు సెన్సర్ గుర్తుపట్టి ఒక అడుగు వేయిస్తుంది. అడుగు ఆకారం ముందే రాసిపెట్టినదే, ఎప్పుడు వేయాలన్నది మాత్రం మనిషి చేతిలో ఉంటుంది. కాళ్లు మాట్లాడలేకపోతే ఒళ్లు మాట్లాడుతుంది. ఎంత మంచి ఆలోచన అనిపిస్తుంది నాకు.

అయితే కాలిలో కొంచెం శక్తి మిగిలినవాళ్లకు ఇదే పద్ధతి నష్టం చేయగలదు. యంత్రం మొత్తం చేసేస్తుంటే ఒళ్లు పని మానేస్తుంది. సాయం దొరికే కొద్దీ కండరం తన వంతు తగ్గించుకుంటుందని పరిశోధకులు గమనించి దానికి 'స్లాకింగ్' అని పేరు పెట్టారు. 2008లో 'స్ట్రోక్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, పక్షవాతం వచ్చి చాలాకాలమైనా కొంత నడవగలిగే 48 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ట్రెడ్‌మిల్ మీద రోబో సాయం, ఇంకో జట్టుకు థెరపిస్టు చేతి సాయం. నడక వేగంలో ఎక్కువ మెరుగుదల థెరపిస్టు జట్టులోనే కనిపించింది. చేయిపట్టి నడిపే మనిషి అవసరమైనంతే ఎత్తుతాడు, మిగతాది రోగితో చేయిస్తాడు. ఆనాటి రోబో అలా కాదు, ప్రతి అడుగూ ఒకేలా పూర్తిచేసింది.

ఆ చేతి గుణాన్ని యంత్రంలోకి తెచ్చే ప్రయత్నమే ఇంపీడెన్స్ కంట్రోల్. అమెరికాలోని ఎంఐటీలో నెవిల్ హోగన్ 1985లో దీనికి పునాది వేశారు. గీసిన దారి ఇందులోనూ ఉంటుంది, కాకపోతే కాలిని ఆ దారికి ఇనుప కడ్డీతో కాకుండా స్ప్రింగుతో కట్టినట్టుంటుంది. కాలు దారి తప్పినకొద్దీ మెల్లగా వెనక్కి లాగుతుంది, సరిగ్గా పోతుంటే ఏమీ చేయదు. పిక్క దగ్గర తోసి చూస్తే గాలి సగమే ఉన్న సైకిల్ ట్యూబు నొక్కినట్టుంటుంది. ఆ స్ప్రింగు గట్టిదనాన్ని వారం వారం తగ్గించుకుంటూ పోవచ్చు. లోకోమాట్ లాంటి ట్రెడ్‌మిల్ యంత్రాల్లో దీనికి 'గైడెన్స్ ఫోర్స్' అని ఒక నంబర్ ఉంటుంది. 100 అంటే పూర్తి పట్టు, 0 అంటే కాలిని వదిలేసినట్టు. పక్షవాతం నుంచి కోలుకునేవాళ్లకు ఈ నంబర్ తగ్గించే సదుపాయం లేని యంత్రాన్ని నేను సిఫారసు చేయను.

మూడోది టార్క్ కంట్రోల్. దారి అంటూ ఏదీ ఉండదు, ఫలానా క్షణంలో ఇంత తిప్పుబలం ఇవ్వు, అంతే. బాగా నడవగలిగి అలసిపోయే పెద్దవాళ్లకు, బరువులు మోసే పనివాళ్లకు ఇది నప్పుతుంది. కాలిలో బలం లేనివాళ్లకు మాత్రం వద్దు. టార్క్ అందాక కాలు ఎటు పోతుందో చూసుకునే బాధ్యత ఆ కాలిదే.

స్టూడెంట్లకు ఇక్కడ ఒక మాట. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో చవకగా దొరికిన మోటార్‌కి వంద రెట్లు తగ్గించే గేర్‌బాక్స్ తగిలించి, దాని మీద ఇంపీడెన్స్ కంట్రోల్ రాస్తామని ఏటా కొందరు వస్తారు. కోడ్ ఎంత బాగున్నా ఆ గేర్ల రాపిడి వల్ల కాలు తోసినది మోటార్ దాకా చేరదు. యంత్రం చెవిటిదైపోతుంది. మధ్యలో నిజంగానే ఒక స్ప్రింగు పెట్టి దాని సాగుదలను కొలవాలి, 1995లో ఎంఐటీలో ప్రాట్, విలియమ్సన్ చూపించిన దారి అదే. లేదంటే గేర్ తగ్గించి పెద్ద మోటార్ పెట్టాలి. మీరే పద్ధతి వాడగలరో సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఈ సామానే తేల్చేస్తుంది. డబ్బు ఖర్చుపెట్టకముందే ఇది చూసుకోండి.

సైగ ఎక్కడినుంచి

ఇక అసలు విషయం. ఒక అడుగు చక్రంలో, అంటే ఒకే పాదం నేలకు తాకిన క్షణం నుంచి మళ్లీ తాకేదాకా, సుమారు 60 శాతం కాలు నేల మీద ఉంటుంది, 40 శాతం గాల్లో. మామూలు నడకలో ఈ చక్రం సెకను పైచిలుకు. అంటే కాలు గాల్లో ఉండేది అర సెకను కూడా కాదు. ఆ కాస్త సమయంలో యంత్రం పదో వంతు సెకను ఆలస్యంగా మేలుకున్నా, దాదాపు పావు భాగం అయిపోయాక సాయం మొదలైనట్టు. సాయం తక్కువైనా సర్దుకోవచ్చు. తప్పు సమయంలో వస్తే పడిపోతారు.

అన్నిటికంటే నమ్మకమైన సైగ మనిషి నొక్కే బటన్. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా మొదటి ఓటు దానికే. అమెరికాలోని ఎక్సో బయోనిక్స్ వాళ్ల యంత్రంలో మెట్లు మెట్లుగా ఉండేది: ముందు థెరపిస్టు బటన్ నొక్కితే అడుగు, తర్వాత రోగే నొక్కుకోవడం, ఆ తర్వాత బరువు పక్కకీ ముందుకీ మార్చితే దానంతటదే అడుగు. ఈ క్రమం నాకు చాలా నచ్చుతుంది. థెరపిస్టు కన్ను ఏ సెన్సర్‌కూ తీసిపోదు, ఆయన భుజం చూస్తాడు, ముఖం చూస్తాడు, ఊపిరి చూస్తాడు. రోజంతా నొక్కుతూ ఉండలేరన్నదొక్కటే ఇబ్బంది. న్యూజిలాండ్‌కి చెందిన రెక్స్ జాయ్‌స్టిక్‌తో నడుస్తుంది, చంకకర్రలు కూడా అక్కర్లేదు. చేతుల్లోనూ బలం లేనివాళ్లకు అదొక దారి. కానీ నెమ్మది, బరువు.

తర్వాత పాదం కింద స్విచ్‌లు, ఒత్తిడి సెన్సర్లు. చవక, కోడ్ సులువు, దాదాపు ప్రతి కాలేజీ ప్రాజెక్టులోనూ ఇవే. మడమ తాకితే ఒక దశ, వేళ్లు లేస్తే ఇంకో దశ అని వరస రాసుకుంటే చాలు. ఆరోగ్యంగా ఉన్న స్టూడెంట్ బూట్లేసుకుని ల్యాబ్ నేల మీద నడిస్తే అద్భుతంగా పనిచేస్తుంది. కానీ మన ఇళ్లు చూడండి. ఇంట్లో చెప్పులు వేసుకోం. గుడికెళ్తే విప్పేస్తాం, చాలా క్లినిక్‌లలో కూడా గుమ్మం బయటే విప్పమంటారు. ఇన్‌సోల్‌లో ఉన్న సెన్సర్ బూటుతోపాటే గుమ్మం బయట ఉండిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో రాసిన డిజైన్లలో ఈ ఆలోచన అంతగా కనిపించదు, ఎందుకంటే అక్కడ బూటు ఒంట్లో భాగమంత సహజం. మన వాళ్ల కోసం చేసేటప్పుడు ఇది చిన్న విషయం కాదు, సెన్సర్ ఎక్కడ పెట్టాలన్నది మొత్తం మార్చేస్తుంది.

పైగా ఆ సెన్సర్లు రోజూ ఒంటి బరువంతా మోస్తాయి. కొన్ని వారాలకే నొక్కుకుపోయి రీడింగ్ మారుతుంది. బాబాయి విషయంలో జరిగినట్టు, మడమ తాకని నడకైతే కొత్త సెన్సర్ కూడా గుడ్డిదే.

అందుకే నేను మొగ్గేది పిక్క మీద కట్టే ఐఎంయూ వైపు. తిరిగే వేగాన్ని, త్వరణాన్ని కొలిచే చిన్న చిప్ అది, ఫోన్ పక్కకి తిప్పితే స్క్రీన్ తిరిగేది ఇలాంటి దానివల్లే. మోకాలి కింది భాగం ముందుకు ఊగేటప్పుడు తిరిగే వేగం ఒక పెద్ద గుట్టలా లేస్తుంది. దానికి ముందొక లోయ, కాలు లేచినప్పుడు. తర్వాతొక లోయ, పాదం తాకినప్పుడు. మడమ ముందు తాకినా, వేళ్లు ముందు తాకినా ఈ ఆకారం దాదాపు నిలుస్తుంది. బూటు ఉన్నా లేకపోయినా ఒకటే. చీర మీద, పంచె మీద పట్టీ కట్టినప్పుడు మాత్రం బట్ట జారి చిప్ తిరిగిపోతుంది, అది చూసుకోవాలి. పట్టీ ఎప్పుడూ ఒంటికి తగిలేలా, బట్ట లోపల కట్టించండి.

దీని బలహీనత నెమ్మది నడక. పాదం ఈడుస్తూ నడిచేవాళ్లలో ఆ గుట్ట చిన్నదైపోతుంది. గుట్ట ఇంత ఎత్తు దాటితేనే అడుగు అని ఆరోగ్యవంతులను చూసి పెట్టిన హద్దు అంకెను అది దాటదు. కాబట్టి ఆ హద్దు కోడ్‌లో రాసి బిగించేసిన అంకె అయి ఉండకూడదు, ఆ మనిషి చివరి నాలుగైదు అడుగుల గుట్టలు చూసి తనంతట మారాలి. సెంటర్‌కి వెళ్లినప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "హద్దు మార్చుకోవచ్చా, ఎవరు మారుస్తారు?" థెరపిస్టు స్క్రీన్ మీదే మార్చి చూపిస్తే మంచి గుర్తు. కంపెనీ వాళ్లు రావాలంటే మీ నెల రోజుల చెన్నై మకాం అలా ఎదురుచూడటంలోనే అయిపోతుంది.

ఒక్క సెన్సర్‌నే నమ్ముకున్న యంత్రం కంటే రెండు ఒప్పుకుంటేనే కదిలేది మేలు. పిక్క చిప్ "కాలు లేవబోతోంది" అంటే, ఇంకో కాలి మీద బరువు పడిందా అని కూడా చూడాలి. పడకపోతే ఆగాలి. బాబాయి యంత్రం టైమర్ ప్రకారం కదిలిందే, అసలు నాకు కోపం తెప్పించింది అది. సైగ అందనప్పుడు మోకాలు నిటారుగా బిగించి నిలబడాలి, అడుగేయకూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఏ రాజీకీ ఒప్పుకోను.

కండరం చెప్పేది వినడం

జపాన్‌లో సుకుబా విశ్వవిద్యాలయంలో యోషియుకి సంకై తయారుచేసిన హాల్ అనే యంత్రం పద్ధతి వేరు. మెదడు నుంచి కండరానికి ఆదేశం వెళ్లినప్పుడు చర్మం మీద అతి చిన్న విద్యుత్ కనిపిస్తుంది. తొడ మీద అంటించిన ఎలక్ట్రోడ్లు దాన్ని పట్టుకుంటాయి. దీన్నే ఈఎంజీ అంటారు. కండరం నిజంగా బలం చూపించడానికి కొన్ని పదుల మిల్లీసెకన్ల ముందే ఈ విద్యుత్ వస్తుంది కాబట్టి యంత్రానికి కాస్త ముందస్తు కబురు అందుతుంది. కాలు కదలలేనంత బలహీనంగా ఉన్నా ప్రయత్నం మాత్రం కనిపిస్తుంది. మనిషి ప్రయత్నిస్తేనే యంత్రం సాయపడుతుంది కాబట్టి పని మానేసే సమస్య ఇక్కడ తక్కువ. 2015లో జపాన్ ప్రభుత్వం కొన్ని నరాల, కండరాల జబ్బులకు దీన్ని వైద్య పరికరంగా ఆమోదించింది. ఆ యంత్రంలోనే సంకేతం దొరకనప్పుడు తనంతట నడిపే ఇంకో పద్ధతి కూడా పెట్టారు, అది తెలివైన పని.

మరి అందరికీ ఇదే ఎందుకు వద్దు? చెన్నైలో ఒక వేసవి పనిచేస్తే తెలుస్తుంది. మే నెలలో ఇక్కడివాళ్లు కత్తిరి అనే ఎండల్లో, గాలిలో తడి అంత ఉన్నప్పుడు, ఏసీ గదిలో కూడా యంత్రం కట్టుకున్న మనిషికి పది నిమిషాల్లో తొడలు చెమటతో తడిసిపోతాయి. ఎలక్ట్రోడ్ అంచు లేస్తుంది. ఒక మూల లేచిందంటే చాలు, సంకేతంలో పెద్ద పెద్ద ఎగుడుదిగుళ్లు వస్తాయి, యంత్రం వాటిని ప్రయత్నం అనుకుంటుంది. మా దగ్గర చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, అంటించి, పైన మెత్తటి బ్యాండేజీ చుట్టి, ఆ తర్వాతే మొదలుపెడతాం. రోజూ చోటు ఒక వేలెడు మారినా అంకెలు మారతాయి, అందుకే మొదటి రోజే చర్మం మీద పెన్నుతో గుర్తు పెడతాం. ప్రతి సెషన్‌కీ ముందు "గట్టిగా బిగించండి, ఇప్పుడు వదిలేయండి" అని కొలుచుకోవాలి. సెషన్ ముప్పావు గంటైతే అందులో పావుగంట దీనికే పోతుంది.

ఇంకో చిక్కు ఉంది, అది వాతావరణంతో సంబంధం లేనిది. పక్షవాతం తర్వాత చాలామందికి కండరాలు బిగుసుకుంటాయి, మడిచే కండరం చాచే కండరం ఒకేసారి పనిచేస్తాయి. మనిషి కోరుకోని బిగుతు కూడా ఈఎంజీలో ప్రయత్నంలాగే కనిపిస్తుంది. కాబట్టి నా లెక్క ఇది: ప్రయత్నం ఉండి కదలిక లేనివాళ్లకు, బిగుతు తక్కువగా ఉన్నవాళ్లకు, రోజూ అంటించే ఓపికా మనిషీ ఉన్న సెంటర్లో ఈఎంజీ చాలా మంచిది. ఇంటికి తీసుకెళ్లే యంత్రానికి మాత్రం ఐఎంయూనే పట్టుకోండి.

తలకి టోపీ పెట్టి మెదడు తరంగాలతో నడిపే ఈఈజీ పద్ధతి గురించి ఎక్కువమంది అడుగుతారు. వీడియోలు చూసి ఆశపడతారు, ఆ ఆశ నాకు అర్థమవుతుంది. కానీ అది నెమ్మది, తల కదిలినా కన్ను ఆర్పినా చెదిరిపోతుంది. పరిశోధనలో విలువైనదే. మీ అమ్మనో నాన్ననో దాని మీద ఆధారపడి నిలబెట్టకండి.

లయ పట్టుకునే యంత్రాలు

మోకాళ్లలో జబ్బేమీ లేదు, వయసు వల్ల అడుగు చిన్నదైంది, మెట్రో స్టేషన్ దాకా నడిస్తే ఆయాసం. ఇలాంటి పెద్దవాళ్లకు నడుముకు కట్టుకునే తేలిక యంత్రాలు వస్తున్నాయి. ఇవి దశలు లెక్కపెట్టవు. రెండు తుంటి కోణాల ఊపు చూసి ఆ లయకు తమ లయ కలుపుకుంటాయి. హోండా నడక యంత్రం ఈ దారిలో వచ్చింది. శాంసంగ్ పరిశోధకులు ఇంకా సులువు చేశారు: రెండు తుంటి కోణాల తేడాను తీసుకుని, కొద్ది ఆలస్యం చేసి, దాన్నే టార్క్‌గా తిరిగిచ్చారు. సెన్సర్లు తక్కువ, పాదం కింద ఏమీ అక్కర్లేదు. ఊయల ఊపేవాళ్లు అది వెనక్కొచ్చే సమయం చూసి తోస్తారు కదా, అలాంటిదే.

మెరీనా ఒడ్డున తెల్లవారుజామున ఒకే వేగంతో నడిచే మనిషికి ఇది హాయి. టీ నగర్ రంగనాథన్ వీధిలో సాయంత్రం నడిచే మనిషికి కాదు. రెండడుగులకొకసారి ఆగాలి, పక్కకి జరగాలి, లయ అన్నదే ఉండదు. మీరు ఎక్కువగా నడిచే చోటు ఏదో చూసుకుని నిర్ణయించుకోండి. ఆగిన వెంటనే సాయం సున్నాకి రావాలి, ఒక తోపు మిగిలిపోకూడదు. కొనేముందు కట్టుకుని పది సార్లు హఠాత్తుగా ఆగి చూడండి, అమ్మేవాళ్ల మాట కంటే ఆ పది ఆగడాలు ఎక్కువ చెబుతాయి.

ఇక్కడే ఇంకో మాట. మోటారే అక్కర్లేని సందర్భాలున్నాయి. 2015లో కాలిన్స్, విగ్గిన్, సావిస్కీ ఒక స్ప్రింగు, ఒక క్లచ్ మాత్రమే ఉన్న చీలమండ పరికరంతో నడకకయ్యే శక్తిని 7 శాతం మేర తగ్గించి చూపించారు. బ్యాటరీ లేదు, కంట్రోలర్ లేదు. పాదం వేలాడటం ఒక్కటే సమస్య అయితే పాదాన్నీ చీలమండనూ పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీతోనే (ఏఎఫ్ఓ అంటారు) పని జరిగిపోవచ్చు. ఐఐటీ మద్రాస్ వాళ్లు 2022లో తెచ్చిన 'కదం' కృత్రిమ మోకాలు కూడా కడ్డీల అమరికతోనే పనిచేస్తుంది, మోటారు లేకుండా. ఫిజియో ఇవి చాలంటే నమ్మండి.

తనంతట నేర్చుకునే పద్ధతులు

ఇవి చదవడానికి నాకెంతో ఇష్టం. 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పనిలో, చీలమండ యంత్రం కట్టుకున్న మనిషి నడుస్తుంటే మాస్క్‌తో ఊపిరి కొలుస్తూ, ఎప్పుడు ఎంత తోస్తే ఒంటికి తక్కువ శ్రమో కంప్యూటరే వెతికింది. టార్క్ ఇవ్వకుండా అదే యంత్రం కట్టుకున్నప్పటితో పోలిస్తే శ్రమ సగటున 24 శాతం తగ్గింది. ఒక్కొక్కరికీ సరిపోయిన తోపు ఆకారం ఒక్కోలా ఉండటం అందులో నాకు పెద్ద పాఠం. ఒకరికి కుదిరిన సెట్టింగ్ ఇంకొకరికి కుదరదు. 2022లో స్టాన్‌ఫర్డ్ బృందం మాస్క్ అవసరం లేకుండా, యంత్రం మీది సెన్సర్లతోనే ఆరుబయట ఇది చేసింది. 2024లో జార్జియా టెక్ వాళ్లు ఇది నడకా మెట్లా అని తేల్చుకోవడం మానేసి, కీళ్ల దగ్గర ఆ క్షణాన ఎంత తిప్పుబలం ఉందో నేరుగా అంచనా వేసే పద్ధతి చూపించారు.

ఆ చివరిదే మన జీవితానికి దగ్గర అని నా నమ్మకం. దశల వరస రాసుకున్న యంత్రానికి నడక, మెట్లు, కుర్చీ తెలుసు. నేల మీద బాసింపట్టు వేసి కూర్చుని లేవడం తెలియదు. గొంతుకూర్చోవడం తెలియదు. ఎగుడుదిగుడు ఫుట్‌పాత్ అంచు మీద సగం పాదం పెట్టడం తెలియదు. పనికి పేరు పెట్టకుండా కీలు అవసరాన్ని చూసే పద్ధతి ముందుముందు వీటిని అందుకోవచ్చు.

కానీ ఆ ఫలితాలు ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద వచ్చినవి. వాళ్ల నడక డేటాతో నేర్చుకున్న ప్రోగ్రాం మా బాబాయి నడకని చూసి ఏమనుకుంటుందో ఇంకా తేలాల్సే ఉంది. స్టూడెంట్లకు నా సలహా, ఇందులోకి తప్పక దిగండి, పక్షవాతం వచ్చినవాళ్ల డేటా మన ఊళ్లలో మర్యాదగా, వాళ్ల అనుమతితో సేకరించండి. ఆస్పత్రులకు మాత్రం ఇప్పటికి వరస రాసిన, థెరపిస్టుకి అర్థమయ్యే పద్ధతే మంచిది. తప్పు జరిగినప్పుడు ఎందుకు జరిగిందో చెప్పగలగాలి. బాబాయి యంత్రంలో తప్పు ఎక్కడుందో ఐదు నిమిషాల్లో తెలిసింది కూడా అందువల్లే.

తీసుకెళ్లేవాళ్లకు

మొదటి రోజు సెషన్‌లో మీరు పక్కన నిలబడి చూడాల్సినవి కొన్నున్నాయి. అడుగు మధ్యలో ఆగమని మీ మనిషికి చెప్పండి, యంత్రం ఆగుతుందా చూడండి. నడుముకి పైనుంచి తాడు గానీ, బెల్టు పట్టుకున్న మనిషి గానీ ఉన్నప్పుడే ఇది చేయాలి, థెరపిస్టుకి ముందే చెప్పి. వెనక్కి తిరగడం ఎలా ఉందో చూడండి, చాలా యంత్రాలు తిరిగేటప్పుడే తడబడతాయి. ఎమర్జెన్సీ స్టాప్ ఎవరి చేతిలో ఉందో అడగండి, నొక్కితే మోకాళ్లు బిగుస్తాయా, వదులైపోతాయా అని కూడా. వదులైతే మనిషి కూలిపోతాడు. భాష సంగతి కూడా పట్టించుకోండి. "వలదు కాల్, ఇడదు కాల్" అని తమిళంలో అంటుంటే బాబాయి కుడి ఎడమ తేల్చుకునే లోపే అడుగు దాటిపోయేది. థెరపిస్టుకి "కుడి", "ఎడమ", "ఆగు" అనే మూడు తెలుగు మాటలు కాగితం మీద తమిళ అక్షరాల్లో రాసిచ్చాను. మర్నాటి నుంచి తేడా కనిపించింది.

ఆయనకు చివరికి కుదిరింది ఇది: మొదటి వారం థెరపిస్టు చేతి బటన్, టైమర్ పూర్తిగా ఆపేసి. రెండో వారం నుంచి పిక్క మీది ఐఎంయూ, హద్దు బాగా తగ్గించి. పట్టు స్ప్రింగు పద్ధతిలో, రెండు మూడు సెషన్లకొకసారి కాస్త తగ్గిస్తూ. ప్రతి సెషన్ అంకెలూ ఒక కాగితం మీద రాయించుకున్నాం. మీరూ రాయించుకోండి, అడిగితే ఇస్తారు.

బాబాయి కాగితంలో మొదటి రోజు సాయం నూటికి 80 దగ్గర ఉంది. గూడూరు రైలెక్కిన రోజున 45. అక్కడి ఫిజియో దగ్గర యంత్రమేదీ లేదు, ఆయన చేత్తోనే మోకాలి వెనక పట్టుకుని నడిపిస్తాడు. ఆ కాగితం చూసి, "అయితే సగం పైన ఆయనే వేస్తున్నాడన్నమాట" అని చెయ్యి కొంచెం వదులు చేశాడు.